చెరువులో దిగిన బాతు ఏ బాతు? శ్రీకాకుళం, విజయనగరం నీళ్లలో అడవి బాతులను గుర్తుపట్టే పద్ధతి

నవంబరులో వరి కోతలు మొదలయ్యే రోజుల్లో ఏ చెరువు గట్టు మీద నిలబడినా నీళ్ల నడుమ నల్లటి చుక్కలు కనిపిస్తాయి. పక్కనున్న వాళ్లను అడిగితే ‘నీటి బాతులు’ అంటారు. కొంచెం ఆసక్తి ఉన్నవాళ్లయితే ‘సైబీరియా నుంచి వచ్చాయి’ అంటారు. ఆ చుక్కల్లో ఒకటి ఏడాది పొడుగునా మన చెరువులోనే ఉండి, మన చెట్టు తొర్రలోనే గుడ్లు పెట్టే పక్షి కావచ్చు. దాని పక్కనే కునుకు తీస్తున్నది హిమాలయాలకు ఆవలి నుంచి వచ్చినది కావచ్చు. రెండింటినీ ఒకే పేరుతో పిలిచేస్తే ఏది తగ్గిపోతోందో, ఏది రావడం మానేసిందో మనకు ఎప్పటికీ తెలియదు.

నేను ఈ పని మొదలుపెట్టిన మొదటి రెండు చలికాలాలూ రంగుల వెంట పడ్డాను. బొమ్మల్లో పచ్చ తల, ఎర్ర తల, పసుపు నుదురు స్పష్టంగా ఉంటాయి. చెరువులో చూస్తే ఎక్కువ భాగం గోధుమరంగు పక్షులే. నా నోట్‌బుక్‌లో ‘గోధుమరంగు బాతు, పేరు తెలీదు’ అని పేజీల కొద్దీ రాసుకున్నాను. అవి నాలుగైదు జాతుల ఆడ బాతులనీ, వాటి మధ్య ఇంకా రంగు రాని మగ బాతులు కూడా ఉన్నాయనీ తరవాతెప్పుడో అర్థమైంది. అందుకే ఇక్కడ రంగును చివరికి పెట్టాను. ముందు బాతు నీటి మీద కూర్చున్న తీరు, తరవాత సైజు, ముక్కు, తోక, రెక్క. ఈ వరస అలవాటైతే రంగు తెలియని పొగమంచులో కూడా సగానికి సగం పేర్లు చెప్పగలుగుతారు.

పేర్ల గురించి ఒక మాట. మన బాతుల్లో చాలావాటికి అందరూ ఒప్పుకున్న తెలుగు పేరు లేదు. ఊరికో మాట ఉంటుంది, ఒకే మాట నాలుగు జాతులకు వాడతారు. అందుకని పక్షులు చూసేవాళ్లు మాట్లాడుకునే ఇంగ్లీషు పేర్లే రాశాను. మంచి తెలుగు మాట ఉన్నచోట దాన్నే వాడాను.

మొదటి మెట్టు: అది బాతేనా?

నీటి మీద తేలేదంతా బాతు కాదు. మన చెరువుల్లో ముఖ్యంగా మూడు పక్షులు మోసం చేస్తాయి.

ఒళ్లంతా నల్లగా ఉండి, ముక్కూ నుదురూ మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే అది బొల్లికోడి. ఈదేటప్పుడు తల ముందుకీ వెనక్కీ ఊపుతుంది. బాతు అలా ఊపదు. దాని ముక్కు కోడి ముక్కులా కోసుగా ఉంటుంది, బాతు ముక్కు బల్లపరుపుగా ఉంటుంది. పిడికెడంత ఉండి, తోక లేనట్టే కనిపిస్తూ, చూస్తుండగానే బుడుంగున మునిగి పది అడుగుల అవతల తేలితే అది మునుగుడుకోడి. ఒళ్లు చాలావరకు నీటిలో దిగబడి, పొడుగు మెడ నిటారుగా పైకి కనిపిస్తే నీటికాకి. అది కాసేపటికి రాయి మీదో గడకర్ర మీదో కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటుంది.

ఇక పేరుతో వచ్చే చిక్కు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుకు పేరులో బాతు ఉంది కానీ అది పెలికాన్, బాతుల కుటుంబం కాదు. దానితోపాటు ఉండే ఎర్రటి ముఖం పక్షి కొంగ జాతి. వీటిని సైబీరియా పక్షులని చాలామంది అంటారు. కానీ గూడబాతులు దక్షిణాసియాలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే పక్షులు, ఇక్కడే పిల్లల్ని పెంచుతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో గూళ్లు పెట్టే చీలిన ముక్కు కొంగల సంగతీ అంతే. గుర్తు చాలా తేలిక: మన దగ్గర గూడు కట్టి పిల్లల్ని చేసే పక్షి సైబీరియాది కాదు. నిజంగా ఉత్తరాన ఎక్కడో గుడ్లు పెట్టి, చలికి తట్టుకోలేక మన దగ్గరికి వచ్చేవి మన చెరువుల్లో కనిపించే బాతుల్లో సగానికి పైగా జాతులు.

కోతలైన పొలాల్లో మేపే పెంపుడు బాతుల మందను కూడా ఒకసారి పరీక్షగా చూడండి. వాటి మధ్య తెల్లవీ, మచ్చలవీ, ముదురువీ కలిసి ఉంటాయి. అడవి బాతుల్లో ఒకే జాతి మగవన్నీ ఒకేలా ఉంటాయి. పెంపుడు మగ బాతు తోక మీద ఒకటి రెండు ఈకలు ఉంగరంలా పైకి చుట్టుకుని ఉంటాయి. మన వైపు వచ్చే అడవి బాతుల్లో అలాంటి ఈక ఉండదు.

రెండో మెట్టు: నిలబడే చోటు

మంచి బైనాక్యులర్ కంటే మంచి చోటు ముఖ్యం. పొద్దున్న వెళితే చెరువుకు తూర్పు గట్టు మీద నిలబడండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, వెలుగు బాతుల మీద పడుతుంది. పడమటి గట్టు మీద నిలబడితే ప్రతి బాతూ నల్లటి బొమ్మే. సాయంత్రం దీనికి తిరగేయాలి. తూర్పు గట్టుకు దారి లేకపోతే ఆ చెరువుకు సాయంత్రమే వెళ్లండి, పొద్దున్న వెళ్లి కళ్లు నొప్పి పుట్టించుకోవద్దు.

బైనాక్యులర్ కొనాలంటే 8×42 అన్న అంకెలున్నది తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పన్నెండు రెట్లు, పదహారు రెట్లు అన్నవి చేతిలో వణుకుతాయి. ఫోన్‌లో పక్షుల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్ ఉంటే సాయపడుతుంది కానీ దూరం నుంచి తీసిన మసక ఫొటోకు అది చెప్పే పేరును మీరు చూసిన గుర్తులతో సరిచూసుకోండి.

ఏ నీళ్లలో ఏవి ఉంటాయో ముందే ఊహించుకుని వెళితే పని సగం అవుతుంది. కలువలు, తామరలు, తుంగ ఉన్న ఊరి చెరువు ఒక లోకం. తాటిపూడి, మడ్డువలస లాంటి రిజర్వాయర్ల తెరిచిన నీళ్లు ఇంకో లోకం, అక్కడ లోతుకు మునిగే బాతుల కోసం చూడాలి. నాగావళి, వంశధార ఇసుక తిన్నెలు మూడో రకం. సోంపేట బీల, తంపర భూముల లాంటి పల్లపు చిత్తడి, నౌపడ వైపు ఉప్పు మడుల లాంటి లోతు తక్కువ నీళ్లు ముక్కుతో బురద వడగట్టుకునే బాతులకు ఇష్టం. 2010లో సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోతే రైతులూ మత్స్యకారులూ కలిసి అడ్డుకున్నారు. ఆ నీళ్లు బాతులకు కూడా మిగిలాయంటే అది వాళ్ల వల్లే.

దగ్గరికి మాత్రం పోవద్దు. బాతులు చాలావరకు రాత్రిళ్లు పొలాల్లో, బురదలో మేసి పగలు నీటి మీద పడుకుంటాయి. మీరు ఫొటో కోసం నాలుగడుగులు ముందుకేసి గుంపును లేపితే వాటి నిద్ర పోతుంది. అవి మెడలు నిటారుగా ఎత్తి ఒకే వైపు చూస్తున్నాయంటే మీరు అప్పటికే దగ్గరగా వచ్చేశారని అర్థం. అక్కడే కూర్చోండి. పది నిమిషాల్లో మెడలు దిగుతాయి.

మూడో మెట్టు: కూర్చున్న తీరు, లేచే తీరు

బాతుల్ని రెండు పెద్ద గుంపులుగా విడదీయడం ఇక్కడ జరుగుతుంది. ఇది వచ్చేస్తే మిగతాది తేలిక.

ఒక గుంపు పైపైన మేసేవి. నీటి మీద తేలిగ్గా, కాగితం పడవలా ఎత్తుగా కూర్చుంటాయి, తోక నీటికి పైన ఉంటుంది. మేత కోసం తల ముంచి, వెనక భాగం పైకి లేపి, తోక ఆకాశానికి చూపిస్తూ నిలబడతాయి. ఒళ్లంతా మునగడం అరుదు. బెదిరితే నీటి మీంచి నిట్టనిలువుగా ఒక్క ఉదుటున లేస్తాయి. పిన్‌టెయిల్, టీల్ (ఉత్త టీల్ అంటే ఇక్కడ కామన్ టీల్), గార్గనీ, షవలర్, గాడ్వాల్, విజన్, చుక్కముక్కు బాతు ఈ గుంపువి.

రెండో గుంపు మునిగేవి. బరువు ఎక్కిన నాటుపడవలా నీటిలో దిగబడి కూర్చుంటాయి, తోక నీటిని తాకుతుంటుంది. చిన్న గెంతు గెంతి మొత్తంగా మాయమై కాసేపటికి ఇంకోచోట తేలతాయి. ఎగరాలంటే నీటి మీద కాళ్లతో పరుగు తీసి, నీళ్లు చిమ్ముతూ లేస్తాయి. పోచార్డులు, టఫ్టెడ్ డక్ ఈ గుంపువి.

ఈ రెంటిలోనూ చేరనివి ఈల బాతు, కాటన్ టీల్. వాటి సంగతి కింద విడిగా చెబుతాను.

నాలుగో మెట్టు: సైజు, ముక్కు, తోక

సైజును నీళ్ల మీద ఒంటరి పక్షితో అంచనా వేయలేం. పక్కన ఇంకో తెలిసిన పక్షి ఉండాలి. బొల్లికోడి దీనికి మంచి కొలబద్ద, దాదాపు ప్రతి చెరువులోనూ ఉంటుంది, పొడుగు రెండు జానల కంటే కాస్త తక్కువ. దానికంటే స్పష్టంగా పెద్దదయితే పిన్‌టెయిల్, చుక్కముక్కు, షవలర్, గాడ్వాల్, విజన్‌లలో ఒకటి. దాని అంతే గాని, కొంచెం చిన్నదిగా గాని ఉంటే టీల్, గార్గనీ, ఈల బాతు. పావురం కంటే ఏమంత పెద్దది కాకపోతే కాటన్ టీల్ అయ్యుండాలి. ప్రపంచంలోనే అతి చిన్న బాతుల్లో అదొకటి.

ముక్కు దగ్గరికి వస్తే షవలర్ పేరు అడగక్కర్లేదు. దాని ముక్కు తలకంటే పొడుగ్గా ఉండి చివర గరిటెలా వెడల్పవుతుంది. ముక్కును నీటికి ఆనించి అటూ ఇటూ తిప్పుతూ వడగడుతుంటుంది. మిగతా బాతులకు ముక్కు రంగు చూడాలి: చివర పసుపు అయితే చుక్కముక్కు, పక్కలు నారింజ రంగైతే ఆడ గాడ్వాల్, పొట్టిగా బూడిద నీలంగా ఉండి చివర నలుపైతే విజన్. పిన్‌టెయిల్‌ది సన్నటి బూడిద ముక్కు, మెడ అన్నిటికంటే పొడుగు, తోక సూదిలా కోసుదేరి ఉంటుంది. మగదానికి ఆ సూది మరీ పొడుగు. ఆడదానికి పొట్టిగా ఉన్నా కోసుదనం తెలుస్తుంది.

ఐదో మెట్టు: ఏడాదంతా ఉండే మన బాతులు

వలస పక్షుల మోజులో వీటిని దాటిపోవద్దని నా గట్టి అభ్యర్థన. వీటిని బాగా నేర్చుకున్నాకే కొత్తగా దిగినవి కళ్లకు వేరుగా పడతాయి.

ఈల బాతు మనకు అన్నిటికంటే దగ్గరిది. ఇటుక రంగు ఒళ్లు, నడినెత్తి ముదురు రంగు, పొడుగు మెడ. ఎగురుతున్నప్పుడు ‘సీ-సిక్, సీ-సిక్’ అని రెండు పలుకుల ఈల వేస్తూ పోతుంది. సాయంత్రం చీకటి పడేవేళ వరి పొలాల మీదుగా ఆ ఈల వినిపించిందంటే తల పైకెత్తి చూడండి. రెక్కలు వెడల్పుగా, చివర గుండ్రంగా ఉంటాయి, నిదానంగా కొడుతుంది, కాళ్లు తోక దాటి వెనక్కి వేలాడుతుంటాయి. చెట్టు కొమ్మ మీద బాతు కూర్చుని ఉంటే ఆశ్చర్యపోవద్దు, తొర్రల్లో గూడు పెట్టే జాతి ఇది. దీనికంటే పెద్దది, అరుదైనది ఫుల్వస్ ఈల బాతు. తేడా చెప్పే చోటు తోక మొదలు: మామూలు ఈల బాతుకు అక్కడ ఇటుక రంగు, ఫుల్వస్‌కు తెల్లటి నెలవంక. గుంపులో కాస్త పెద్దగా ఒకటి కనబడితే అది ఎగిరేవరకు ఓపిక పట్టండి.

చుక్కముక్కు బాతు పెంపుడు బాతంత ఉంటుంది. నల్ల ముక్కు, దాని చివర పచ్చటి పసుపు, ముక్కు మొదట్లో రెండు ఎర్ర చుక్కలు. ఒంటి మీద గోధుమరంగు పొలుసుల్లాంటి ఈకలు, నారింజ ఎరుపు కాళ్లు. దూరం నుంచి ముక్కు కనబడకపోయినా పక్కన వీపు చివర తెల్లటి గీత కనిపిస్తుంది, ఎంత దూరానికైనా అదే పట్టిస్తుంది. ఆడ, మగ దాదాపు ఒకేలా ఉంటాయి, జంటగా తిరుగుతాయి. కొత్తగా చూసేవాళ్లు గోధుమరంగు ప్రతిదాన్నీ ఆడ పిన్‌టెయిల్ అనుకుంటారు. ముందు ఇది కాదని తేల్చుకోవాలి.

కాటన్ టీల్ కోసం కలువ చెరువుకే వెళ్లాలి. ఆకుల మధ్య కదలకుండా ఉంటే తెల్ల కలువ మొగ్గే అనుకుంటారు. మగదానికి తెల్లటి ముఖం, తెల్లటి మెడ, మెడ కింద నల్లటి పట్టీ, వీపు మీద ముదురు ఆకుపచ్చ మెరుపు. ఆడది మసక గోధుమ, కంటి మీదుగా కాటుక గీత. ముక్కు పొట్టిగా, హంస పిల్ల ముక్కులా ఉంటుంది. చలికాలంలో మగది మెడ పట్టీ పోగొట్టుకుని ఆడదానిలా కనిపిస్తుంది, కానీ ఎగిరితే రెక్కలో వెడల్పాటి తెల్ల పట్టీ దాని గుట్టు బయటపెడుతుంది.

నాబ్-బిల్డ్ డక్ అదృష్టం ఉంటే కనిపిస్తుంది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, తెల్ల తల మీద నల్లటి చుక్కలు చల్లినట్టు. మగదాని ముక్కు మీద పెద్ద బొడిపె ఉంటుంది, వానాకాలంలో గుడ్ల రోజుల్లో అది ఇంకా ఉబ్బుతుంది.

ఆరో మెట్టు: వలస వచ్చిన మగవి

ఇప్పుడు రంగు. డిసెంబరు, జనవరిలలో మగ బాతులు పెళ్లి బట్టలు కట్టుకున్నట్టు ఉంటాయి, వీటిని చూడటం తేలికే కాబట్టి త్వరగా చెప్పేస్తాను.

పిన్‌టెయిల్: చాక్లెట్ రంగు తల, రొమ్ము తెలుపు సన్నటి గీతగా మెడ పక్క నుంచి పైకి పాకుతుంది. కామన్ టీల్: ఇటుక రంగు తల, కంటి చుట్టూ ముదురు ఆకుపచ్చ పట్టీ, తోక పక్కన వెన్న రంగు ముక్కోణం. షవలర్: పచ్చ తల, తెల్ల రొమ్ము, పక్కలు ఇటుక ఎరుపు. విజన్: ఎర్రమట్టి రంగు తల, నుదుటి మీద గంధం పెట్టినట్టు లేత పసుపు, ‘వీ-ఊ’ అని సాగదీసి ఈల వేస్తుంది, గట్టు మీదికొచ్చి పశువులా గడ్డి మేస్తుంది. గాడ్వాల్: దూరానికి బూడిద రంగు, వెనక భాగం మాత్రం నల్లగా మసి పూసినట్టు. మునిగేవాటిలో కామన్ పోచార్డ్ మగదానికి ఎర్రటి తల, నల్ల రొమ్ము, బూడిద ఒళ్లు. ఈ జాతి ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతోందని 2015 నుంచి ప్రమాదపు జాబితాలో ఉంచారు. రిజర్వాయర్ మీద ఒక్కటి కనబడినా లెక్క రాయండి. టఫ్టెడ్ డక్ మగది నలుపు తెలుపుల్లో, పసుపు కన్నుతో, తల వెనక జారిన పిలకతో ఉంటుంది.

ఒక హెచ్చరిక. గుడ్ల కాలం అయ్యాక మగ బాతులు ఈకలు రాల్చి ఆడవాటిలా మారిపోతాయి. రెక్కల పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాలడం వల్ల కొన్ని వారాలు ఎగరలేవు కూడా. ఆ మారు వేషంలోనే చాలావరకు మన దగ్గరికి వస్తాయి. అందుకే సెప్టెంబరు, అక్టోబరులలో చెరువంతా గోధుమరంగే. టీల్, పిన్‌టెయిల్ త్వరగా రంగెక్కుతాయి. షవలర్ ఆలస్యం, మధ్యలో మచ్చల మచ్చలుగా అర్థంకాకుండా ఉంటుంది. గార్గనీ అన్నిటికంటే ఆలస్యం. పుస్తకంలో దాని మగదానికి కంటి మీద తెల్లటి పెద్ద కనుబొమ్మ ఉంటుంది. అది ఫిబ్రవరి, మార్చి వస్తే గాని సరిగా కనబడదు. డిసెంబరులో తెల్ల కనుబొమ్మ కనబడలేదు కాబట్టి గార్గనీ లేదని రాసేస్తే తప్పు.

ఏడో మెట్టు: గోధుమరంగు ఆడవి

అసలు పాఠం ఇదే. ఒక పూటలో రాదు. ఒక చలికాలం మొత్తం ఈ ఒక్క మెట్టుకే పెట్టినా నష్టం లేదు.

మొదట పెద్ద వాటిని తేల్చేయండి. గరిటె ముక్కు ఉంటే షవలర్. సన్నటి పొడుగు మెడ, గీతలేవీ లేని సాదా ముఖం, బూడిద ముక్కు, కోసు తోక అయితే పిన్‌టెయిల్. ముక్కు పక్కలు నారింజ రంగు, పైన నడుమ నల్లటి గీత, రెక్క మూసినప్పుడు కూడా పక్కన చిన్న తెల్లటి చదరం తొంగి చూస్తుంటే గాడ్వాల్. గుండ్రటి తల, నిటారు నుదురు, పొట్టి ముక్కు, ఎర్రమట్టి ఛాయ ఒళ్లు అయితే విజన్. నుదురు నుంచి ముక్కు వరకు జారుడు బల్లలా వాలి, ఒళ్లు బూడిద గోధుమ కలిసి, మునుగుతూ ఉంటే పోచార్డ్. ముదురు గోధుమలో పసుపు కన్ను మెరిసి, తల వెనక చిన్న బొప్పిలాంటిది ఉంటే టఫ్టెడ్.

మిగిలేది కష్టమైన జంట: ఆడ టీల్, ఆడ గార్గనీ. సైజు దాదాపు ఒకటే. చాలా ఏళ్లు చూసినవాళ్లు కూడా వీటి దగ్గర ఆగి ఆలోచిస్తారు. నేను ఈ క్రమంలో చూస్తాను.

ముందు ముఖం. గార్గనీ ముఖం గీతల ముఖం: కంటి పైన లేత గీత, కంటి మీదుగా ముదురు గీత, దాని కింద మళ్లీ లేత, బుగ్గ మీద ఇంకో ముదురు గీత. ముక్కు మొదట్లో తెల్లటి మచ్చ, గొంతు తెలుపు. టీల్ ముఖం సాదాగా ఉంటుంది, కంటి గీత ఒక్కటే, అదీ మసకగా. తరవాత తోక పక్క. టీల్‌కు తోక మొదట్లో పక్కగా లేత రంగు సన్న గీత ఉంటుంది, గార్గనీకి ఉండదు. ఆ తరవాత ముక్కు: టీల్‌ది చిన్నది, మొదట్లో కాస్త నారింజ ఛాయ ఉండొచ్చు, గార్గనీది కొంచెం పొడుగు, మొత్తం బూడిద. చివరగా, ఎగిరితే రెక్క. టీల్ రెక్క మీది ఆకుపచ్చ పట్టీకి ముందున్న తెల్ల గీత వెడల్పు. గార్గనీకి ముందూ వెనకా రెండు గీతలూ కనిపిస్తాయి, వెనకది బాగా తెలుస్తుంది. రెక్క ముందు భాగం బూడిద నీలంగా మెరిస్తే అది మారు వేషంలో ఉన్న మగ గార్గనీ.

ఈ నాలుగింటిలో రెండైనా దొరక్కపోతే ‘టీల్ లేదా గార్గనీ’ అని రాయండి. అలా రాయడం లోటు కాదు. అనుమానంతో రాసిన పేరు లెక్కను పాడుచేస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఎగిరినప్పుడు ఒక్క చూపు

డేగ ఒకటి చెరువు మీదికి వస్తే మొత్తం గుంపు లేస్తుంది. ఆ పది సెకన్లు బంగారం. ఒళ్లంతా చూడాలనుకోవద్దు, రెక్క పైభాగం మీదే కన్ను పెట్టండి. రెక్క వెనక భాగంలో ఒంటికి దగ్గరగా తెల్ల చదరం అంటే గాడ్వాల్. రెక్క ముందు భాగంలో పెద్ద తెల్ల మచ్చ అంటే మగ విజన్. ముందు భాగం లేత నీలం అంటే షవలర్ గాని గార్గనీ గాని, ముక్కు చూస్తే తేలిపోతుంది. రెక్క పొడుగునా తెల్ల పట్టీ సాగితే టఫ్టెడ్. సన్నటి పొడుగు మెడ, పొడుగు తోక, రెక్క వెనక అంచు మాత్రమే తెల్లగా ఉంటే పిన్‌టెయిల్. చిన్న గుంపు ఒక్క ఒంపులో అందరూ కలిసి గిర్రున తిరిగితే టీల్‌లు.

నది మీదికి వెళ్లాలి: జక్కవ

జక్కవ కోసం ఒక పూట విడిగా కేటాయించండి. మన కవిత్వంలో రాత్రి విడిపోయి, పొద్దుపొడుపుతో మళ్లీ కలుసుకునే జంట పక్షి ఇదే, చక్రవాకం. ఇంగ్లీషులో రడ్డీ షెల్డక్. ఇంతకాలం పద్యాల్లో విన్న పక్షిని ఇసుక మీద నడుస్తూ చూడటం మాటల్లో చెప్పలేని సంగతి.

చెరువులో కంటే నది మధ్య తిన్నెల మీద వెతకాలి. పెంపుడు బాతు కంటే పెద్దది, కాళ్లు కాస్త పొడుగు, బాతులా ఊగుతూ కాకుండా నిటారుగా నడుస్తుంది. ఒళ్లంతా నారింజ కాషాయం, తల లేత గంధం రంగు. ఎండకాలం దగ్గరపడితే మగదాని మెడ చుట్టూ సన్నటి నల్లటి తాడు వేసినట్టు గీత వస్తుంది. ఎగిరితే రెక్కల ముందు సగం తెలుపు, చివర్లు నలుపు, కింద నుంచి చూసినా అంతే. ‘ఆంగ్... ఆంగ్’ అని దూరం వరకు వినిపించే పిలుపు. ఇది లద్దాఖ్, టిబెట్ లాంటి ఎత్తైన చోట్ల పిల్లల్ని చేస్తుంది. జంటను చూస్తే రాత్రి నిజంగా విడిపోతాయా అని అడగాలనిపిస్తుంది. అవి జంట కట్టి ఉండే పక్షులే. చీకట్లో ఎడంగా మేస్తూ ఒకదాన్నొకటి పిలుచుకోవడం విని కవులు ఆ కథ అల్లి ఉంటారని నా ఊహ.

గొట్టా, తోటపల్లి బ్యారేజీల దిగువన నదిలోకి దిగేముందు నీళ్లు వదిలే సమయం కనుక్కోండి. తిన్నె మీదున్నప్పుడు నీరు పెరిగితే వెనక్కి రావడం ప్రమాదం.

లెక్క రాసే పద్ధతి

తేదీ, సమయం, చెరువు పేరు, నీటి మట్టం ఎలా ఉంది, ఎన్ని బాతులు. గుంపు పెద్దదయితే మొదట పదింటిని విడిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలిచి, అలాంటి ముక్కలు గుంపులో ఎన్నున్నాయో చూడండి. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. మీ ఊరి చెరువును అందులో చేర్చండి. ఎవరూ లెక్కపెట్టని చెరువును పూడ్చేస్తే అక్కడ ఏం పోయిందో చెప్పేవాళ్లుండరు.

వలలు, మందు కలిపిన గింజలు కనిపిస్తే వాటి దగ్గరికి ఒంటరిగా వెళ్లి గొడవపడొద్దు. ఫొటో తీసి అటవీ శాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల వేట నేరం.

చేయి తిరిగాక ఒకసారి ఒడిశాలోని చిలికా సరస్సుకు వెళ్లి రండి. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా వెళితే సరస్సు దక్షిణపు కొస రంభ వస్తుంది, అక్కడ రైల్వే స్టేషన్ ఉంది. చిలికాలో ఇటీవలి చలికాలపు లెక్కల్లో పక్షులు పది లక్షలు దాటాయి, వాటిలో పిన్‌టెయిల్, గాడ్వాల్, విజన్‌లే ఎక్కువ. మన చెరువులో ఇరవై పక్షుల మధ్య నేర్చుకున్న గుర్తుల్ని అక్కడ వేల పక్షుల మీద పరీక్షించుకోవచ్చు. ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అనే ఊళ్లో ఒకప్పుడు వేటాడినవాళ్లే ఇప్పుడు పడవల్లో తీసుకెళ్లి పక్షుల పేర్లు చెబుతారు.

మార్చి చివరికి మన చెరువు ఖాళీ అవుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ముందుగా వచ్చిన గార్గనీలే చాలాసార్లు చివరన వెళ్తాయి, అప్పటికి మగవాటి తెల్ల కనుబొమ్మలు మెరుస్తుంటాయి. అవి వెళ్లాక కూడా గట్టు మానొద్దు. వానలు పడి చెరువు నిండాక కలువల మధ్య కాటన్ టీల్ జంట తిరుగుతుంటే పక్కన తొర్రలున్న ముసలి చెట్ల వైపు చూస్తుండండి. గుడ్లలోంచి బయటికొచ్చిన ఒకటి రెండు రోజులకే, ఇంకా ఎగరడం రాని పిల్లలు అంత ఎత్తునున్న తొర్ర అంచు మీదికొచ్చి, కింద నీటిలో తల్లి పిలుస్తుంటే, ఒకదాని వెనక ఒకటి దూకేస్తాయి.